దక్షిణ ధ్రువానికి ట్రాక్టరు ప్రయాణం

ట్రాక్టరును ఎరగని వాళ్ళు మనలో ఎవరుంటారు? అది దుక్కి దున్నుతుంది, దమ్ము చేస్తుంది, ధాన్యం బస్తాలు మోస్తుంది. తిరనాళ్ళకు ఊరి జనాన్నంతా ట్రక్కులో ఎక్కించుకు పోతుంది. అటువంటి ట్రాక్టర్లు మూడు భూగోళం అడుగున ఉన్న దక్షిణ ధ్రువం దాకా నడిచి వెళ్ళాయంటే మీరు నమ్ముతారా? నమ్మాలి మరి. అవి 1958 జనవరి 4వ తేదీన అక్కడికి చేరాయి. వాటిని నడిపించుకు వెళ్ళిన నాయకుడు మీకు తెలిసినవాడే. 1953లో టెన్సింగుతో కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ!

రండి, ఇవాళ మనం కూడా ఆ ట్రాక్టర్ల వెంట ఒకసారి ధ్రువం దాకా పోయి వద్దాం. ఉన్ని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి. చేతులకు తొడుగులు మరిచిపోకండి. అక్కడ వట్టి చేత్తో ఇనుమును ముట్టుకుంటే చర్మం దానికి అతుక్కుపోతుంది.

భూగోళం పటంలో అన్నిటికంటే కింద తెల్లగా కనపడే ఖండమే అంటార్కిటికా. అది మన దేశానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. దాదాపు అంతా మంచే. ఆ మంచు మందం సగటున రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ ఊళ్ళు లేవు, చెట్లు లేవు, బాటలు లేవు. శాస్త్రజ్ఞులు కట్టుకున్న స్థావరాలు మాత్రం దూరదూరాన ఉన్నాయి. 1983 జూలై 21వ తేదీన అక్కడ వోస్తోక్ అనే స్థావరంలో చలి సున్నాకు దిగువన 89.2 సెంటీగ్రేడు డిగ్రీలకు పోయింది. మన ఊళ్ళలో పది డిగ్రీలకు దిగితేనే దుప్పటి వదలం!

ఇటువంటి చోట మోటారు నడపాలన్న ఆలోచన చాలా పాతది. షాకిల్టన్ అనే సాహసి 1908లోనే ఒక కారును అక్కడికి తీసుకుపోయాడు. గట్టి మంచు మీద అది పరిగెత్తింది కాని, మెత్తని మంచులో దాని చక్రాలు దిగబడిపోయాయి. తరువాత కెప్టెన్ స్కాట్ మూడు మోటారు బళ్ళు తీసుకుపోయాడు. వాటిలో ఒకటి 1911 జనవరిలో ఓడ నుంచి దించుతూండగానే సముద్రం మీది మంచు విరిగి నీళ్ళలో మునిగిపోయింది. తక్కిన రెండూ కొంత దూరం పోయి, ఇంజన్లు పాడై ఆగిపోయాయి. చివరకు ఆముండ్సెన్ కుక్కల బళ్ళ మీద 1911 డిసెంబరు 14న ధ్రువానికి చేరుకున్నాడు. స్కాట్ తన అనుచరులతో బళ్ళు లాక్కుంటూ 1912 జనవరి 17న చేరాడు గాని, తిరుగుదారిలో ఆ అయిదుగురూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత 46 ఏళ్ళ దాకా నేల దారిన ధ్రువానికి ఎవరూ పోలేదు.

అప్పుడు బయలుదేరాయి మన ట్రాక్టర్లు. అసలు ఈ యాత్ర వివియన్ ఫుక్స్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడిది. ఖండాన్ని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు ధ్రువం మీదుగా దాటాలని ఆయన సంకల్పం. ఆయన అటు ఒడ్డున బయలుదేరాలి. హిల్లరీ ఇటు ఒడ్డున, రాస్ దీవిలోని స్కాట్ స్థావరం నుంచి బయలుదేరి, ఫుక్స్ రాబోయే దారిలో అక్కడక్కడా పెట్రోలూ తిండీ దాచి ఉంచాలి. ఆ పనికి హిల్లరీకి దొరికినవి మూడు ఫెర్గూసన్ ట్రాక్టర్లు, వీజిల్ అనే ఒక మంచు బండి. ట్రాక్టరు ఇంజను బలం సుమారు 28 గుర్రాల శక్తి. అంటే మన పల్లెల్లో తిరిగే చిన్న ట్రాక్టరంతే!

పొలం ట్రాక్టరు మంచు మీద ఎలా నడిచింది? దీనికి ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక పళ్ళెంలో పిండి పోసి, దాని మీద రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టి నొక్కండి. చటుక్కున దిగిపోతుంది. అదే బిళ్ళను బల్లపరుపుగా పడుకోబెట్టి అంతే బలంతో నొక్కండి. పైనే ఆగుతుంది. బరువు మారలేదు, అది పంచుకున్న చోటు మారింది. హిల్లరీ బృందం చేసింది కూడా ఇదే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ ఇంకొక చక్రం అమర్చి, అన్నిటినీ కలిపి చుట్టూ గొలుసు పట్టా వేశారు. బరువంతా పట్టా పొడుగునా పరుచుకుంది. నడిపేవాడికి గాలి కొట్టకుండా కాన్వాసు గుడ్డతో తెర కట్టారు. వెనక జారుడు బళ్ళు తగిలించారు. వాటిలో ఒకదాని మీద చిన్న గది వంటి పెట్టె ఉంది. వంట, రేడియో, పడక అన్నీ అందులోనే.

1957 అక్టోబరు 14న ప్రయాణం మొదలయింది. మనం కూడా ఒక బండి ఎక్కుదాం. అయితే ఆగండి! ఎక్కీ ఎక్కక ముందే మీట తిప్పడానికి ఇది మన వీధి కాదు. ఇక్కడ బండి ఆగితే మనం నడిచి ఇంటికి పోలేం, ఎవరినీ కేకేసి పిలవలేం. బండి బ్రతికితేనే మనిషి బ్రతుకుతాడు. అందుకని ఇటువంటి చోట బండి నడిపేవాడు ప్రతిరోజూ మొదట దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు.

ఆ ప్రదక్షిణంలో ఏమేమి చూస్తాడు? పట్టాల సందుల్లో గడ్డకట్టిన మంచును గోకి తీసేస్తాడు. పట్టా మరీ వదులుగా ఉంటే జారిపోతుంది, మరీ బిగువుగా ఉంటే తెగుతుంది. రెండూ కాకుండా సరిచేస్తాడు. ప్రతి మరనూ పానాతో పట్టి చూస్తాడు. కుదుపులకు మరలు వదులవుతాయి. ఇవాళ వదులైన మర రేపు ఊడిపోతుంది, ఎల్లుండి బండిని ఆపేస్తుంది. వెనక బళ్ళను తగిలించే కొక్కేలూ, తాళ్ళూ పరీక్షిస్తాడు. చలికి ఇనుము కూడా పెళుసుబారుతుంది. వేసవిలో వంగి ఊరుకునే ముక్క ఇక్కడ పుటుక్కున విరుగుతుంది. రబ్బరు కర్రలాగా బిగుసుకుపోతుంది.

తరువాత చమురు. చలికాలంలో మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా చూశారు కదా! సుమారు 24 డిగ్రీలకు దిగువన అది పేరుకుపోతుంది. బోర్లించినా చుక్క రాదు. ఇంజనులో పోసే చమురు అంత త్వరగా పేరుకోదు కాని, ధ్రువపు చలిలో అది కూడా జిగటగా, పాకంలాగా తయారవుతుంది. అటువంటి చమురుతో ఇంజను తిప్పితే లోపలి భాగాలకు చమురు అందదు, అవి ఒరుసుకుని పాడైపోతాయి. అందుకని ముందు ఇంజను మీద గుడ్డ కప్పి, కింద వేడి పెట్టి, చమురు పలచబడేదాకా ఓపిక పట్టాలి. బాటరీ కూడా చలికి నీరసిస్తుంది. మామూలుగా ఇచ్చే బలంలో సగం కూడా ఇవ్వదు. సరిగ్గా ఇంజను మొరాయించే వేళకే బాటరీ చేతులెత్తేస్తుందన్నమాట!

ఇక పెట్రోలు. పెట్రోలు ఆ చలికి గడ్డకట్టదు. కాని అందులో ఒక్క బొట్టు నీరు చేరినా చాలు, అది గొట్టంలో మంచు బిరడా అయి కూర్చుంటుంది. కాబట్టి పోసేటప్పుడు వడకట్టి పోయాలి. పొద్దున బయలుదేరేముందు పోసుకోవచ్చులే అనుకోకుండా సాయంత్రం బండి ఆపగానే టాంకు నింపాలి. ఎందుకంటారా? ఖాళీ టాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. ఆ తేమే లోపలి గోడలకు పట్టి నీటి బొట్టవుతుంది.

అన్నట్టు, ఇక్కడ పొద్దున, సాయంత్రం అన్నది గడియారం చూసి చెప్పే మాటే. ధ్రువ ప్రాంతపు వేసవిలో సూర్యుడు అస్తమించడు.

సరే, బండి కదిలింది. మొదట రాస్ మంచుతట్టు. ఇది సముద్రం మీద తేలుతున్న మంచు మైదానం. వెనుదిరిగి చూస్తే ఎరిబస్ అనే అగ్నిపర్వతం పొగ వదులుతూ కనపడుతుంది. చుట్టూ మంచు, నడుమ నిప్పుకొండ! ఈ మైదానం దాటాక స్కెల్టన్ హిమానీనదం. అంటే మంచు నది. చూపుకు కదలనట్టే ఉంటుంది, కాని కొండల నడుమ నుంచి మెల్లగా దిగుతూనే ఉంటుంది. దాని మీదుగా ఎగబాకి ఎత్తయిన పీఠభూమికి చేరాలి.

ఇక్కడే ఉంది గండం. ఎండిన చెరువు బీటలు వారినట్టు మంచు కూడా బీటలు వారుతుంది. చెరువు బీటలో మన కాలు ఇరుక్కుంటుంది. ఈ బీటలలో ఇల్లే మాయమవుతుంది. కళ్ళకు కనపడితే తప్పుకు పోవచ్చు. కాని గాలికి కొట్టుకొచ్చిన మంచు వాటి మీద పలచని కప్పు వేస్తుంది. పైకి అంతా చదునుగా, అమాయకంగా ఉంటుంది. బండి బరువు పడిందా, కప్పు కూలుతుంది. అందుకే హిల్లరీ తన బళ్ళను బలమైన తాళ్ళతో ఒకదానికొకటి కట్టాడు. ఒకటి జారితే తక్కినవి పట్టి ఉంచాలి. తాడు మరీ వదులుగా ఉంటే ముందు బండి పడిపోయాక గాని బిగియదు. కాబట్టి వెనకబండి నడిపేవాడికి ఎప్పుడూ తాడు మీదనే కన్ను.

పైకి ఎక్కినకొద్దీ ఇంకో చిక్కు వచ్చింది. మనిషికి లాగే ఇంజనుకు కూడా ఊపిరి కావాలి. పెట్రోలు మండాలంటే గాలిలోని ప్రాణవాయువు ఉండాలి కదా! ధ్రువం సముద్రమట్టానికి సుమారు 2,835 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. ఇంజను బలంలో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఆ ఎత్తుకు తగినట్టు గాలీ పెట్రోలూ కలిసే పాలును సరిచేయాలి. లేకపోతే నల్లటి పొగ వదలడం తప్ప బండి లాగదు. పైగా నేల చదును కాదు. గాలి మంచును చెక్కి దుక్కి చాళ్ళలాగా గట్లు పోస్తుంది. అవి రాతిలాగా గట్టిగా ఉంటాయి. ప్రతి గట్టు మీదా బండి లేచి పడుతుంది, ఎక్కడో ఒకచోట ఏదో ఒక మర వదులవుతుంది. దక్షిణ అయస్కాంత ధ్రువం దగ్గర కావడంవల్ల దిక్సూచిని నమ్మడానికి లేదు. హిల్లరీ సూర్యుణ్ణి చూసి లెక్కలు కట్టి దారి తెలుసుకున్నాడు.

వీజిల్ బండి దారిలోనే పాడైంది. దాన్ని వదిలేశారు. మూడు ట్రాక్టర్లు మాత్రం సాగిపోయాయి. వాటిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు మర్రే ఎల్లిస్, జిమ్ బేట్స్ అనే ఇద్దరు మరపనివాళ్ళు. ధ్రువం చేరినవారి జాబితాలో హిల్లరీ పేరు ముందుంటుంది. కాని మంచుగాలిలో బండి కింద దూరి, పానా పట్టి ట్రాక్టర్లను బ్రతికించిన ఈ ఇద్దరూ లేకపోతే ఆ జాబితాయే ఉండేది కాదు.

ధ్రువానికి 500 మైళ్ళ ఇవతల చివరి గిడ్డంగి ఏర్పరచడంతో హిల్లరీకి అప్పగించిన పని పూర్తయింది. వెనక్కు తిరగవచ్చు. కాని ధ్రువం రమ్మని పిలుస్తూంటే ఆగే మనిషా ఆయన? ముందుకే సాగారు. చివరి రోజులలో మంచు మెత్తబడింది. పట్టాలు దిగబడుతున్నాయి, పెట్రోలు మంచినీళ్ళలా ఖర్చవుతున్నది. లెక్క తప్పితే మంచు ఎడారి నడుమ నిలిచిపోవాలి. ఎట్టకేలకు అమెరికా వాళ్ళ స్థావరం జెండాలు కనపడ్డాయి. మూడు ట్రాక్టర్లూ చేరాయి! అప్పటికి మిగిలిన పెట్రోలు సుమారు 20 గాలన్లు. అది ఇంకొన్ని మైళ్ళకు మించి వచ్చేది కాదు.

మరి ఫుక్స్ సంగతి? ఆయన 1957 నవంబరు 24న అటు ఒడ్డు నుంచి బయలుదేరాడు. ఆయన దగ్గర స్నో-కాట్ అనే పెద్ద బళ్ళు నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కదానికి నాలుగు మూలలా నాలుగు పట్టాలు. వాటిలో ఒక బండి, సరదాగా 'రాక్ అండ్ రోల్' అని పేరు పెట్టినది, ఒకచోట బీట మీద కప్పు కూలి, ముందు పట్టాలు గాలిలో వేలాడుతూ అటూ ఇటూ గోడల నడుమ ఇరుక్కుపోయింది. లోపల ఫుక్స్ ఉన్నాడు! తలుపు తెరిస్తే కింద అగాధం. మెల్లగా పట్టా మీదుగా పాకి బయటపడ్డారు. తరువాత తక్కిన బళ్ళను తీగతాళ్ళతో కట్టి, బీటలోకి అల్యూమినియం పలకలు దింపి పట్టాల కింద ఆధారం ఇచ్చి, గంటల తరబడి పాటుపడి దాన్ని బయటికి లాగారు. బండి మళ్ళీ నడిచింది!

ఫుక్స్ 1958 జనవరి 19న ధ్రువం చేరాడు. అప్పటికే ఆలస్యమైందనీ, చలికాలం ముంచుకొస్తున్నదనీ, తక్కిన యాత్ర మరుసటి ఏడు సాగించడం మంచిదనీ హిల్లరీ సలహా ఇచ్చాడు. ఫుక్స్ ఒప్పుకోలేదు. బళ్ళ మీద ఆయనకు నమ్మకం. ముందుకే కదిలాడు.

ఫిబ్రవరిలో ఇంకొక ఆపద వచ్చింది. అది బీటలాగా కంటికి కనపడేది కూడా కాదు. జాఫ్రీ ప్రాట్ అనే శాస్త్రజ్ఞుడు బండి నడుపుతూ నడుపుతూ స్పృహ తప్పాడు. ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు బండిలోకి చేరింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చేవాడికి తెలియకుండానే అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. ఇనుము అతకడానికి తెచ్చుకున్న ప్రాణవాయువుతో వైద్యుడు ముందు ఆయన ప్రాణం నిలబెట్టాడు. రేడియో కబురు అందుకుని అమెరికా విమానాలు ఎగిరివచ్చి ఇంకా సిలిండర్లు జారవిడిచాయి. ప్రాట్ కోలుకున్నాడు. చూశారా! పొగ గొట్టం, దాని అతుకులు, బండిలోకి గాలి వచ్చే దారి — వీటిని రోజూ పరీక్షించాలని అనడం ఎందుకో! మూసిన కొట్టంలో మోటారు సైకిలునో కారునో ఊరికే నడుస్తూ ఉంచకూడదని పెద్దలు చెప్పేది కూడా ఇందుకే.

1958 మార్చి 2న నాలుగు స్నో-కాట్లూ స్కాట్ స్థావరం చేరాయి. 99 రోజులలో 3,473 కిలోమీటర్లు! అంటార్కిటికాను నేల దారిన మొట్టమొదట దాటినవి అవే.

ఇప్పుడు అక్కడ ప్రయాణం ఎలా ఉంది? మెక్‌మర్డో అనే అమెరికా స్థావరం నుంచి ధ్రువానికి సుమారు 1,600 కిలోమీటర్ల మంచుబాట ఏర్పడింది. పెద్ద ట్రాక్టర్ల వరసలు చమురు తీసుకుని పోతాయి. బీటలను కనిపెట్టడానికి బండి ముందు పొడుగాటి కర్ర చివరన రాడార్ యంత్రాన్ని పెడతారు. అది మంచు లోపలికి రేడియో తరంగాలు పంపి, బోలుగా ఉన్న చోటు పట్టి చెపుతుంది. అటువంటి బీటలను తెరిచి మంచుతో పూడ్చి బాట వేశారు. మన దేశానికి కూడా అక్కడ మైత్రి, భారతి అనే స్థావరాలు ఉన్నాయి. మైత్రి సముద్రపు మంచు అంచుకు సుమారు 100 కిలోమీటర్ల లోపల ఉంది. ఓడ తెచ్చిన సరుకును పట్టాలున్న మంచు బళ్ళే అక్కడికి చేరవేస్తాయి. ఆ బళ్ళను కనిపెట్టి ఉండేవాళ్ళు మనవాళ్ళే.

యంత్రాలు మారాయి కాని, పొద్దున్నే చేసే ప్రదక్షిణం మారలేదు. రాడార్ ఉన్నవాడు కూడా మరలు పట్టి చూడవలసిందే.

మీరు కూడా ఆ పని మొదలుపెట్టవచ్చు. దానికి అంటార్కిటికా పోనక్కరలేదు. రేపు బడికి బయలుదేరేముందు మీ సైకిలు చుట్టూ ఒక్కసారి తిరగండి. టైర్లలో గాలి ఉన్నదా? బ్రేకులు పట్టుతున్నాయా? గొలుసుకు నూనె ఉన్నదా? హాండిలు బిగువుగా ఉన్నదా? దీనికి రెండు నిమిషాలు చాలు. ఇంట్లో నాన్నగారి ట్రాక్టరో, స్కూటరో ఉంటే, ఇంజను ఆపి ఉన్నప్పుడు, ఆయనను దగ్గర ఉంచుకుని చమురు ఎలా కొలుస్తారో అడిగి చూడండి. ఆయన ఆఖరిసారి ఎప్పుడు కొలిచారో కూడా అడగండి. జవాబు వెంటనే రాకపోతే, ఆ పూటే ఇద్దరూ కలిసి కొలవండి!